రైసు మిల్లు మరమ్మతులో వేళ్లు కాపాడుకునే పద్ధతి

బియ్యం సాఫీగా పడుతున్నంతసేపు రైసు మిల్లులో ఎవరి చేతికీ పెద్ద ప్రమాదం రాదు. ఎయిర్‌లాక్‌లో (గాలి పోకుండా ఊకను కిందికి వదిలే తిరుగుడు రెక్కల పెట్టెలో) ఊక జామ్ అయినప్పుడు, బెల్టు జారినప్పుడు, వడ్ల పొట్టు ఊడదీసే షెల్లర్‌కు రబ్బరు రోళ్లు మార్చేటప్పుడు, బేరింగుకు గ్రీజు కొట్టేటప్పుడు వేళ్లు పోతాయి. నేను చూసినంతవరకు దెబ్బ తగిలేది యంత్రం నడిపేవాడికి కాదు. దాన్ని బాగుచేసేవాడికి, అతనికి సాయం పట్టే హెల్పరుకు.

నేను మిర్యాలగూడ పక్కన ఒక బాయిల్డ్ రైసు మిల్లులో మెయింటెనెన్స్ చూస్తాను. ఐటీఐలో ఫిట్టర్ కోర్సు చేసి ఈ పనిలోకి వచ్చాను. కొత్తగా చేరిన ఫిట్టర్లకు, హెల్పర్లకు రోజూ నోటితో చెప్పే సంగతులే ఇక్కడ రాస్తున్నాను. మిల్లు యజమానులు కూడా చదవాలని నా కోరిక. ఇందులో సగం పనులు వారు డబ్బు విడుదల చేస్తేనే అవుతాయి. జిన్నింగ్ మిల్లులో, నూనె మిల్లులో, దాణా ఫ్యాక్టరీలో పనిచేసేవారికి కూడా ఇవి పనికొస్తాయి. అక్కడా ఉండేవి ఇవే పుల్లీలు, ఇవే బెల్టులు, మరలా తిరుగుతూ సరుకును ముందుకు తోసే ఇవే స్క్రూ కన్వేయర్లు.

"జాగ్రత్తగా పని చేయండి" అని గోడ మీద రాసి ఊరుకోవడాన్ని నేను ఒప్పుకోను. రాత్రి రెండు గంటలకు, బయట లారీ లోడు కోసం నిలబడి ఉండగా, ఊక దుమ్ముకు కళ్లు మండుతుండగా ఎంతటివాడికైనా జాగ్రత్త సడలుతుంది. సడలినా చెయ్యి పోకుండా ఉండే ఏర్పాటు ముందే చేసి పెట్టాలి. యంత్రం లోపలికి చెయ్యి వెళ్లే అవసరమే లేకుండా చేయగలిగితే అది అన్నింటికన్నా మేలు. వెళ్లక తప్పకపోతే, ఆ యంత్రానికి వేసిన తాళం చెవి ఆ చెయ్యి ఉన్న మనిషి జేబులోనే ఉండాలి.

ముందు తాళం

యంత్రాన్ని ఆపడం వేరు, దానికి కరెంటు అందకుండా చేయడం వేరు. స్టాప్ బటన్ నొక్కితే స్టార్టరులో కరెంటును కలిపే కాంటాక్టరు విడిపోతుంది, అంతే. ప్యానెల్ గదిలో ఎవరైనా పచ్చ బటన్ నొక్కితే మోటారు మళ్లీ లేస్తుంది. నొక్కేవాడికి మీరు కనిపించరు. మీరున్నది కిందనున్న గుంటలో, బెల్టుకున్న బకెట్లతో వడ్లను పైకి చేర్చే ఎలివేటరు అడుగున.

నేను పాటించే వరుస చెబుతాను. ఏ యంత్రం మీద పని చేయబోతున్నారో ఆపరేటరుకు ఎదురుగా నిలబడి చెప్పాలి. దూరం నుంచి సైగ చేయడం, మిల్లు మోతలో అరవడం పనికిరావు. స్టాప్ నొక్కి, యంత్రం పూర్తిగా నిలిచేదాకా ఆగాలి. అప్పుడు ఆ మోటారు ఐసోలేటరును (దానికి వచ్చే కరెంటును పూర్తిగా తెంచే స్విచ్చును) ఆఫ్ చేయాలి. మోటారు నడుస్తుండగా ఐసోలేటరు లాగితే లోపల మెరుపు లేచి చేతులు, ముఖం కాలుతాయి కాబట్టి ఈ వరుస తారుమారు కాకూడదు. హ్యాండిల్‌కు తాళం వేసి, మీ పేరు, చేస్తున్న పని, మొదలుపెట్టిన సమయం రాసిన అట్టముక్క కట్టాలి. చెవి జేబులో వేసుకోవాలి.

ఇక యంత్రం దగ్గరకు వచ్చి స్టార్ట్ బటన్ నొక్కి చూడాలి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. పాత ప్యానెళ్ల మీద పేర్లు చెరిగిపోయి ఉంటాయి. మోటార్లు మార్చినప్పుడు వైర్లు అటూ ఇటూ మారి, ‘3వ నంబరు ఎలివేటరు’ అని రాసి ఉన్న హ్యాండిల్ నిజానికి 4వ నంబరుది అయి ఉంటుంది. మీరు తాళం వేసింది ఒకదానికి, చెయ్యి పెట్టబోయేది మరొకదానిలో. బటన్ నొక్కినా కదలలేదంటేనే పని మొదలుపెట్టాలి. పరీక్ష అయ్యాక స్టాప్ బటన్ మరోసారి నొక్కి వదలండి.

ఇద్దరు పని చేస్తుంటే రెండు తాళాలు వేయాలి. ఒకే హ్యాండిల్‌కు అయిదారు తాళాలు పట్టే, చిల్లులున్న ఇనుప కొండీలు దొరుకుతాయి. లేకపోతే వెల్డరు ఒక పట్టీ ముక్కతో అరగంటలో చేసి ఇస్తాడు. ఎవరి తాళం వారే తీయాలి. షిఫ్టు మారేటప్పుడు పని సగంలో ఉంటే, వచ్చినవాడు తన తాళం వేశాకే వెళ్లేవాడు తనది తీయాలి. తాళం వేసే వీలు లేని పాత స్విచ్చులైతే ఎలక్ట్రీషియన్ చేత ఫ్యూజులు తీయించి మీ దగ్గరే పెట్టుకోండి. మూడు ఫేజులవీ మూడూ తీయాలి.

వాటంతట అవే లేచే యంత్రాల గురించి హెల్పర్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ఎయిర్ కంప్రెసరు ఆగి ఉందంటే అది ఆఫ్ అయిందని కాదు. ట్యాంకులో ఒత్తిడి పడిపోగానే ప్రెషర్ స్విచ్ దాన్ని లేపుతుంది. బెల్టు గార్డు తీసి, "ఆగే ఉంది కదా" అని బెల్టు పట్టుకుని చూసేవారికి రెప్పపాటు వ్యవధి కూడా దొరకదు. డ్రయ్యరు ఎలివేటర్లు, బిన్ను (వడ్లు నిల్వ ఉండే తొట్టి) కింద స్క్రూలు లెవెల్ సెన్సరు మీద నడుస్తుంటే అవీ ఇంతే. బటన్ స్టార్టరు ఉన్న మోటారు కరెంటు పోయి వచ్చినా తనంతట లేవదు గానీ, తిప్పుడు స్విచ్‌తో నడిచే చిన్న మోటార్లు కరెంటు రాగానే తిరుగుతాయి. కరెంటు పోయిన సమయంలో, "ఎలాగూ లేదు కదా" అని శుభ్రం చేయడానికి చెయ్యి పెట్టడం అందుకే ప్రాణాంతకమైన అలవాటు.

మన మిల్లుల్లో బీహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చి పనిచేసే కుర్రవాళ్లు ఎంతమంది ఉన్నారో అందరికీ తెలుసు. హెచ్చరిక బోర్డు తెలుగులో మాత్రమే ఉంటే వారికి అది గోడ మీద గీతలతో సమానం. హిందీలో, ఒడియాలో కూడా రాయించండి. వారిలోనే ఒకరిని పిలిచి చెప్పించి, చదివించి చూడండి. అట్టముక్క మీద చెయ్యి బొమ్మ, దాని మీద ఎర్ర గీత ఉంటే చదువు రానివారికి కూడా అర్థమవుతుంది.

కరెంటు పోయినా మిగిలి ఉండే బలం

తాళం వేశాక కూడా యంత్రంలో బలం మిగిలి ఉంటుంది. ఎలివేటరును తీసుకోండి. పైకి వెళ్లే వైపు బకెట్ల నిండా వడ్లు, దిగే వైపు ఖాళీ. లోడుతో ఆగినప్పుడు ఆ బరువంతా వెనక్కి లాగుతూనే ఉంటుంది. వెనక్కి తిరగకుండా పట్టే బ్యాక్‌స్టాప్ అరిగిపోయినా, అసలు లేకపోయినా, అడుగున జామ్ తీయగానే బెల్టు ఒక్కసారిగా వెనక్కి దూకుతుంది. బకెట్ అంచు, బూటు (ఎలివేటరు అడుగు పెట్టె) రేకు మధ్య చెయ్యి పడితే ఇక చెప్పేదేమీ లేదు. బూటు తలుపు తెరిచే ముందు పై పుల్లీ షాఫ్టును గట్టి గొలుసుతో కట్టి, లేదా పుల్లీకి దుంగ అడ్డం పెట్టి, బెల్టు కదలదని నమ్మకం కుదిరాకే వడ్లు తీయాలి. తీసేది కూడా చేత్తో కాదు, పొడుగు కర్ర ఉన్న పారతో.

ఊక బ్లోయరు స్విచ్ కట్టేశాక కూడా కొన్ని నిమిషాలు తిరుగుతూనే ఉంటుంది. మోత తగ్గిందని ఆగినట్టు కాదు. ఒకే డక్టు (గాలి గొట్టం) మీద రెండో బ్లోయరు నడుస్తుంటే ఆ గాలికి ఇది నెమ్మదిగా తిరుగుతూనే ఉండవచ్చు. మూత విప్పే ముందు షాఫ్టును కంటితో చూడాలి, లోపలి రెక్కలకు చెక్క ముక్క అడ్డం పెట్టాలి. గాలితో పనిచేసే సిలిండర్లకు లైను వాల్వు మూయడం ఒక్కటే చాలదు. సిలిండరులో ఉన్న గాలి కూడా వదిలేయాలి. ‘ఉస్’ మన్న చప్పుడు ఆగాక ప్రెషర్ గేజి ముల్లు సున్నాకు వచ్చిందో లేదో చూసుకోండి.

ఎయిర్‌లాక్, స్క్రూ కన్వేయరు

మిల్లులో ఏ యంత్రం గురించి ఎక్కువ భయపడాలని అడిగితే నేను సైక్లోన్ (గాలిలోంచి ఊకను వేరు చేసే గరాటు లాంటి డబ్బా) కింద ఉండే ఎయిర్‌లాక్‌ను చూపిస్తాను. చూడడానికి సాధువులా నెమ్మదిగా తిరుగుతుంది. గేరు మోటారు మీద నడుస్తుంది కాబట్టి దాని బలం మాత్రం చాలా ఎక్కువ. లోపల రోటరు రెక్కకు, బయటి ఇనుప గోడకు మధ్య సందు చాలా తక్కువ. రెక్క ఆ గోడ అంచు దాటే చోట కోత పడుతుంది.

ఒక మిల్లులో జరిగింది చెబుతాను. సైక్లోన్‌లో తడి ఊక పేరుకుని పడడం ఆగిపోయింది. ఎయిర్‌లాక్ కింది పైపుకు ఉన్న చిన్న తలుపు తీసి, హెల్పరు కుడిచేత్తో పైకి పొడుస్తున్నాడు. నడుస్తుండగా పొడిస్తే త్వరగా జారుతుందని ఎవరో నేర్పారు. ఊక ముద్ద ఒక్కసారిగా దిగింది. ఆ ముద్ద అడ్డు ఉన్నంతసేపు రెక్క అంచు వేళ్లకు అందలేదు, అది జారగానే అందింది. చూపుడు వేలు, మధ్యవేలు రెండో కణుపు దగ్గర తెగాయి. ఆ అబ్బాయికి కేక వేసే సమయం కూడా లేదు. పక్కనే ఉన్నవాళ్లకు తెలిసింది ఊకలో రక్తం చూశాకే.

ఆ తలుపు ఉన్నది చూడడానికి మాత్రమే, చెయ్యి పెట్టడానికి కాదు. కాబట్టి దాన్ని రెండు బోల్టులతో బిగించాలి, పానా లేకుండా తెరుచుకోకూడదు. తలుపు వెనుక 12 మిల్లీమీటర్ల కడ్డీ జాలి వేయించాలి. పొడవడం తప్పకపోతే ఐసోలేటరుకు తాళం వేసి, కర్రతో పొడవాలి. ఇనుప రాడ్డు వాడవద్దు. యంత్రం లేచిందంటే రాడ్డు తిరిగి ముంజేతిని విరగ్గొడుతుంది, కర్రయితే అది విరిగిపోతుంది. జామ్ పదేపదే అవుతుంటే కారణం సైక్లోన్‌లో ఉండదు, ఊక తడిలోనో డక్టు లీకులోనో ఉంటుంది. దాన్ని సరిచేస్తే ఆ తలుపు తెరిచే పనే తప్పుతుంది.

స్క్రూ కన్వేయరుకు కూడా ఇదే సూత్రం. పై రేకు మూతలను నడుస్తుండగా తీసి, నూకలు పడుతున్నాయో లేదో చేత్తో తడిమి చూసే అలవాటు చాలా చోట్ల ఉంది. మూత మీద గజం దూరానికొక చూపు కన్నం పెట్టి, దాని మీద జాలి బిగిస్తే ఆ అవసరం ఉండదు.

బెల్టు ఎక్కించడం

వీ-బెల్టు మార్చే విధానం చూస్తే ఫిట్టరు ఎవరి దగ్గర పని నేర్చుకున్నాడో తెలిసిపోతుంది. తొందరపడేవారు మోటారును కదపరు. బెల్టును పుల్లీ అంచుకు తగిలించి, రెండో చేత్తో పుల్లీ తిప్పుతూ ఎక్కిస్తారు. స్క్రూడ్రైవరు పెట్టి లాగుతారు. బెల్టు గాడిలో పడే క్షణాన దాని కింద ఉన్న వేళ్లు కూడా గాడిలో పడతాయి. అలా ఎక్కించిన బెల్టు లోపలి దారాలు తెగి, త్వరగా పాడవుతుంది కూడా.

సరైన పని ఇలా సాగుతుంది. తాళం వేశాక మోటారు బేస్ బోల్టులు వదులు చేయండి. సర్దుబాటు బోల్టుతో మోటారును ముందుకు జరిపితే బెల్టులు చేత్తో తీసుకునేంత వదులవుతాయి. నాలుగు గాళ్ల పుల్లీ అయితే నాలుగు బెల్టులూ ఒకేసారి మార్చండి. పాతవాటి మధ్య కొత్తది వేస్తే బరువంతా కొత్తదాని మీదే పడుతుంది. బెల్టులు గాళ్లలో కూర్చున్నాక మోటారును వెనక్కి జరుపుతూ బిగించాలి. రెండు పుల్లీల మధ్య సగం దూరంలో బెల్టును బొటనవేలితో నొక్కినప్పుడు, మీటరు దూరానికి సుమారు 16 మిల్లీమీటర్లు కిందికి వంగితే బిగువు సరిపోయినట్టు. కొలబద్ద పెట్టి చూడండి, ఊహతో వద్దు.

బిగించాక యంత్రాన్ని ఒక చుట్టు చేత్తో తిప్పి చూడాలి. ఇక్కడే ఎక్కువ దెబ్బలు తగులుతాయి. బెల్టును గుప్పిట పట్టి లాగవద్దు. పుల్లీ తిరుగుతూ ఆ గుప్పిటను తనతోపాటు లోపలికి తీసుకుపోతుంది. పెద్ద పుల్లీ బయటి అంచు మీద అరచేతిని తెరిచి పెట్టి తోయాలి. పుల్లీ ఆకుల మధ్యకు వేళ్లు పోనివ్వకూడదు. ఇద్దరు కలిసి తిప్పుతుంటే ఒకరే మాట చెప్పాలి. రెండోవాడి చేతులు కనిపిస్తేనే తిప్పాలి. గార్డు బిగించకుండా ట్రయల్ ఇవ్వడాన్ని నా షిఫ్టులో అనుమతించను, రెండు నిమిషాలకైనా సరే.

రబ్బరు రోళ్లు

షెల్లరులో రెండు రోళ్లు ఎదురెదురుగా, ఒకటి వేగంగా, ఒకటి నిదానంగా తిరుగుతాయి. వడ్ల పొట్టు ఊడేది ఆ వేగాల తేడా వల్లే. వాటి మధ్య సందు చెయ్యిని లాక్కునే దిశలోనే తిరుగుతుంది. రోళ్లు మార్చేటప్పుడు కరెంటుతో పాటు గాలి లైను కూడా మూసి వదిలేయాలి. లేకపోతే కదిలే రోలు ఒక్కసారిగా రెండోదానికి ఆనుకుంటుంది. రోలును బయటికి లాగేటప్పుడు కింద చెక్క దిమ్మె పెట్టుకోండి. రెండు రోళ్ల మధ్య వేళ్లు పెట్టి రోలు ఎత్తవద్దు, నడుస్తుండగా సందులో ఇరుక్కున్న రాయిని వేలితో తీయబోవద్దు.

గ్రైండరు, డ్రిల్లు, సుత్తి

చేతి గ్రైండరు గురించి ఒక లెక్క చెప్పాలి. 4 అంగుళాల గ్రైండరు నిమిషానికి 11,000 చుట్ల వరకు తిరుగుతుంది. ఆ డిస్కు అంచు వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. ఆ గ్రైండరుకు గార్డు తీసేసి, 7 అంగుళాల డిస్కు బిగించి కోసేవారిని నేను కళ్లారా చూశాను. 7 అంగుళాల డిస్కు మీద నిమిషానికి 8,500 చుట్లు మించకూడదని రాసి ఉంటుంది. దాన్ని 11,000 చుట్లు తిప్పితే అంచు వేగం గంటకు 370 కిలోమీటర్లు. డిస్కు పగిలితే ముక్క చేతిలోకో గొంతులోకో దిగుతుంది. గ్రైండరు కొలతకు తగిన డిస్కు, దానికి గార్డు, పక్క హ్యాండిల్, రెండు చేతులూ: ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా స్విచ్ వేయవద్దు. డిస్కు మధ్యనున్న రేకు బిళ్ల మీద గడువు నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి. అది చూడకుండా పెట్టెలోంచి తీసి బిగించకండి. 1 మిల్లీమీటరు కటింగ్ డిస్కు పక్కభాగంతో రుద్దకూడదు.

బెంచి గ్రైండరు దగ్గర రాయికి, ముందున్న ఆధారపు పట్టీకి మధ్య సందు 3 మిల్లీమీటర్లు మించకూడదు. రాయి అరిగేకొద్దీ పట్టీని ముందుకు జరుపుతూ ఉండాలి. సందు పెరిగితే సాన పడుతున్న ముక్క కిందికి జారి, వెంట వేలిని కూడా తీసుకుపోతుంది.

డ్రిల్లింగ్ మెషిన్ మీద చిన్న రేకు ముక్కను చేత్తో పట్టుకుని కన్నం చేయడం అందరూ చేసే పనే. బిట్టు కిందికి దిగి బయటపడే క్షణంలో ముక్కను పట్టేస్తుంది. ముక్క గిర్రున తిరిగి, దాని అంచులు వేళ్లను కోస్తాయి. వైస్‌లో బిగించండి లేదా బోల్టుతో టేబుల్‌కు కట్టండి. ఉలి తల సుత్తి దెబ్బలకు పుట్టగొడుగులా విచ్చుకుంటే ఆ అంచులు చెక్కలై ఎగురుతాయి, వాటిని సాన పట్టి తీసేయాలి. సమ్మెటతో పంచ్ కొట్టేటప్పుడు పంచ్‌ను హెల్పరు చేత్తో పట్టుకోకూడదు. పొడుగు పట్టకారుతోనో, వెల్డు చేసిన కడ్డీ పిడితోనో పట్టుకోవాలి. ఫ్లాంజి (రెండు భాగాలను బోల్టులతో కలిపే అంచు పట్టీ) కన్నాలు కలిశాయో లేదో వేలు దూర్చి చూడవద్దు. పైనున్న బరువు వెంట్రుకవాసి జరిగినా వేలి కొన తెగిపోతుంది. కన్నాలు కలిపేందుకు మొనదేలిన కడ్డీ ఉంది, అది వాడండి.

తొడుగులు, ఉంగరాలు, దారాలు

చేతి తొడుగులు వేసుకుంటే అన్ని పనుల్లోనూ రక్షణ అనుకోవద్దు. రేకులు, బకెట్లు, అరిగిన జాలీలు పట్టుకునేటప్పుడు కోత తట్టుకునే తొడుగులు తప్పనిసరి. ఎలివేటరు బకెట్ల అంచులు వడ్ల రాపిడికి బ్లేడులా పదునెక్కి ఉంటాయి. కానీ డ్రిల్లు, లేతు, తిరిగే షాఫ్టు దగ్గర తొడుగులు వేసుకోకూడదు. బట్ట తొడుగు దారం ఒక్కటి చుట్టుకున్నా చెయ్యి మొత్తం లోపలికి పోతుంది. చేతిలో బనియన్ వేస్టు పట్టుకుని తిరుగుతున్న షాఫ్టు తుడవడం కూడా అంతే ప్రమాదం. పట్టుకున్న గుడ్డను వదిలేంత సమయం దొరకదు.

ఉంగరం పనిలోకి రాకముందే ఇంట్లో తీసి పెట్టి రావాలి. నిచ్చెన దిగుతూ ఉంగరం కొక్కేనికి తగులుకుంటే, ఒంటి బరువుకు వేలి చర్మం, కండ మొత్తం ఒలిచినట్టు ఊడి వస్తుంది. మొక్కుబడి ఉంగరాలు, చేతికి కట్టిన గుడి దారాలు తీయడానికి చాలామందికి మనసు ఒప్పదు, నేను అర్థం చేసుకోగలను. దారాన్ని మోచేతి పైకి జరిపి, పొడుగు చేతుల చొక్కా గుండీలు బిగిస్తే సరిపోతుంది. అయ్యప్ప దీక్షలో ఉన్నవారు మాలను చొక్కా లోపల వేసుకుని, కండువాను పనిచోట దూరంగా పెడితే చాలు. కదులుతున్న యంత్రం దగ్గర తప్పనిసరై పనిచేసే శిక్షణ పొందిన మనిషికి బిగుతు దుస్తులు ఉండాలని, వాటిని యజమానే ఇవ్వాలని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 22వ సెక్షన్‌లోనే రాశారు. అంత పాత మాటను ఇప్పటికీ పాటించని మిల్లులు ఉన్నాయి.

గ్రీజు గన్ను

దీన్ని ఎవరూ ప్రమాదంగా చూడరు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. చేత్తో కొట్టే గ్రీజు గన్ను కూడా కొన్ని వేల పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి ఇస్తుంది. చర్మంలోకి దూరడానికి 100 పీఎస్‌ఐ చాలు. గొట్టం పగిలిన చోటో, నిప్పిల్ (గ్రీజు ఎక్కించే చిన్న మూతి) దగ్గర లీకయ్యే చోటో వేలు అడ్డం పెడితే గ్రీజు సూదిలా లోపలికి దిగుతుంది. హైడ్రాలిక్ జాకీల గొట్టం లీకు, డీజిల్ ఇంజెక్టరు నాజిలు పరీక్ష కూడా ఇలాంటివే.

దీనిలోని మోసం ఏమిటంటే, వెంటనే కనిపించేది చిన్న చుక్కంత కన్నమే. రక్తం పెద్దగా రాదు, నొప్పి కూడా మొదట తక్కువే. "ఏముంది" అని తుడుచుకుని పని కొనసాగిస్తారు. లోపల గ్రీజు వేలి నరాల తొడుగుల వెంట అరచేతి దాకా పాకుతుంది. కొన్ని గంటల్లో వేలు ఉబ్బి, రంగు మారి, లోపలి కణజాలం చచ్చిపోతుంది. గంటల్లోగా శస్త్రచికిత్స చేసి లోపలి గ్రీజు తీయకపోతే వేలు తీసేయాల్సి రావచ్చు. కాబట్టి ఇది జరిగితే కన్నం ఎంత చిన్నదైనా అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్లాలి. డాక్టరుకు "గ్రీజు ఒత్తిడితో లోపలికి పోయింది" అని స్పష్టంగా చెప్పాలి. వీలైతే ఆ గ్రీజు డబ్బాను కూడా తీసుకువెళ్లాలి. "వేలికి సూది గుచ్చుకుంది" అంటే టెటనస్ ఇంజెక్షన్ ఇచ్చి పంపేస్తారు.

లీకు ఎక్కడుందో చూడడానికి వేలితో తడమకండి. అట్టముక్క అడ్డంగా జరుపుతూ చూడండి, తడి గీత పడిన చోటే లీకు.

ప్రమాదం జరిగితే

చెయ్యి యంత్రంలో ఇరుక్కుంటే ముందు కరెంటు తీయాలి. మోటారును వెనక్కి నడిపి చెయ్యి బయటికి లాగుదామని ఎవరూ ప్రయత్నించవద్దు, అది రెండోసారి నలుపుతుంది. బెల్టు కోసి, రోలు బోల్టులు విప్పి, నెమ్మదిగా విడిపించాలి.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా ఒత్తి పట్టాలి, చెయ్యి గుండె కన్నా ఎత్తులో ఉంచాలి. ఒకటి రెండు నిమిషాలకోసారి ఎత్తి చూడడం వద్దు. వేలికి దారంతోనో, రబ్బరుతోనో బిగించి కట్టవద్దు. వాపు రాకముందే ఆ చేతి ఉంగరం, గాజు తీసేయాలి. గాయం మీద పసుపు, కాఫీ పొడి, సున్నం, ఇంజన్ ఆయిల్ వేయకండి. ప్రతి ఊళ్లో ఎవరో ఒకరు ఇది చెబుతారు. అది గాయంలో ఇరుక్కుపోయి డాక్టరు పనిని పది రెట్లు కష్టం చేస్తుంది.

తెగిపోయిన వేలిని వెతికి తీసుకురావాలి, ఎంత నలిగి ఉన్నా సరే. ఊకలో పడితే ఆ ఊకనంతా దులపాలి. గాయాలకు కట్టే శుభ్రమైన గాజ్ గుడ్డను సెలైన్‌తో తడిపి పిండి, ఆ వేలిని చుట్టాలి. ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి నీరు పోకుండా మూతి కట్టాలి. ఆ సంచిని మంచు ముక్కలు వేసిన నీళ్ల గిన్నెలో ఉంచాలి. వేలు నేరుగా మంచుకు తగలకూడదు, నీళ్లలో నానకూడదు. చల్లగా ఉంచితే వేలిని మళ్లీ అతికించడానికి డాక్టర్లకు సమయం దొరుకుతుంది. అతికించడం కుదరకపోయినా ఆ చర్మాన్ని వాడే అవకాశం ఉంది కాబట్టి ఏ ముక్కనూ పారేయవద్దు.

108కి ఫోను చేయండి. ఆ వెంటనే మైక్రోసర్జరీ చేసే ప్లాస్టిక్ సర్జన్ ఉన్న ఆసుపత్రి ఏదో ఫోనులో అడిగి తెలుసుకుని బయలుదేరండి. మిర్యాలగూడ నుంచి హైదరాబాద్ సుమారు 150 కిలోమీటర్లు. సమయం మధ్యలో ఆసుపత్రులు మారడంలోనే పోతుంది. ఆ ఫోను నంబర్లు ముందే సేకరించి ప్యానెల్ గది తలుపు మీద రాసి ఉంచాలి. టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నదీ కార్మికుల పేర్ల పక్కన రాసి పెట్టుకోవాలి.

పరిహారం మాట

ఈ సంగతి కార్మికులకు ఎవరూ చెప్పరు, అందుకే రాస్తున్నాను. 10 మంది, అంతకు మించి పనిచేసే మిల్లుకు ఈఎస్‌ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) వర్తిస్తుంది. దీనికి జీతం పరిమితి నెలకు 21,000 రూపాయలు. పనిలో గాయమైతే, కోలుకునేదాకా సగటు రోజు వేతనంలో 90 శాతం ఇవ్వాలి. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ప్రమాదం జరిగినా ఈ హక్కు ఉంటుంది. వేలు పోతే శాశ్వత పరిహారం వేరేగా ఉంటుంది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1923 నాటి పరిహార చట్టం షెడ్యూలులో సంపాదన నష్టాన్ని ఇలా లెక్కగట్టారు: బొటనవేలు మొత్తం పోతే 30 శాతం, చూపుడు వేలు మొత్తం పోతే 14, మధ్యవేలు 12, ఉంగరపు వేలు గానీ చిటికెన వేలు గానీ పోతే 7.

ప్రమాదం జరిగిన రోజే మిల్లు ప్రమాద రిజిస్టరులో రాయించుకోవాలి, సాక్షుల పేర్లతో సహా. "ఇంట్లో జారి పడ్డావని చెప్పు, ఖర్చు మేమే చూసుకుంటాం" అనే మాటకు లొంగవద్దు. అలా చెప్పాక ఆ వేలికి ఏ పరిహారమూ రాదు. 48 గంటలు, అంతకు మించి పనికి రాలేని గాయమైతే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు తెలియజేయాలని ఆ 1948 చట్టమే చెప్పేది. యజమానులకు నా మనవి: కుర్రవాణ్ని పనిలో పెట్టుకున్న రోజే అతని పేరు ఈఎస్‌ఐలో నమోదు చేయించండి, గాయమైన తర్వాత కాదు.

సీజన్ లేని వారాల్లో

నవంబరులో వానాకాలం వడ్లు, ఏప్రిల్‌లో యాసంగి వడ్లు దిగుతాయి. వాటి మధ్య మిల్లు నెమ్మదించే వారాలుంటాయి. ఆ సమయంలో రంగులు వేయించడం కన్నా ముందు ఈ పనులు చేయించండి.

ప్రతి బెల్టుకూ జాలి గార్డు ఉండాలి. 12 మిల్లీమీటర్ల కన్నాల జాలి వాడితే, పుల్లీకి కనీసం 100 మిల్లీమీటర్ల దూరంలో బిగించాలి, వేలు దూరినా అందకూడదు. గార్డుకు చిన్న కీలు తలుపు పెట్టించండి, బెల్టు బిగువు చూడడానికి మొత్తం విప్పాల్సిన పని ఉండదు. విప్పడం కష్టంగా ఉంటే రెండోసారి ఆ గార్డును ఎవరూ తిరిగి బిగించరు, గోడకు ఆనించి వదిలేస్తారు.

గార్డు లోపలున్న బేరింగులకు నిప్పిల్ దగ్గర నుంచి సన్నని గొట్టం లాగి, గార్డు బయట ఒక పట్టీ మీద వరుసగా నిప్పిళ్లు బిగించండి. ఒక్కో గొట్టం ఏ బేరింగుదో దాని పక్కనే పెయింటుతో రాయండి. గ్రీజు కొట్టే అబ్బాయి చెయ్యి గార్డు లోపలికి వెళ్లే అవసరం దానితో తీరిపోతుంది. ఆ గొట్టాల్లో ముందుగా గ్రీజు నింపి, గాలి పోయిందని చూసుకున్నాకే బేరింగుకు కలపండి. లేకపోతే మొదటి కొన్ని రోజులు బేరింగు పొడిగా తిరుగుతుంది.